పరగడుపు

తెల్లారి ఐదింటికి నా పని మొదలు.
పట్టాభిపురంలో ఒక తలుపు, శ్యామలానగర్‌లో ఇంకోటి,
లాలాపేటలో మెట్లెక్కితే మూడోది.
తలుపు తీసినవాళ్ళని ముందడిగేది ఒకటే మాట:
"ఏమన్నా తిన్నారా?"
లేదనాలి వాళ్ళు. లేదంటేనే నాకు పని.
ఒక్క గుక్క కాఫీ తాగానండీ అని ఎవరన్నా నాలిక్కరుచుకుంటే
సూది మళ్ళీ సంచిలోకి, నేను మళ్ళీ రేపటికి.

ఇట్లా ఊరి ఆకలంతా
చిన్న చిన్న సీసాల్లో పట్టి, పేర్లు అంటించి,
కొత్తపేట ల్యాబులో అప్పజెప్పి
నా ఆకలి ఒక్కదాన్నే బండెక్కించుకొని
బ్రాడీపేట వస్తాను.

నాలుగు బై పద్నాలుగు.
లెక్కల మాస్టారైతే కొట్టేసి రెండు బై ఏడంటాడు.
మా ఊళ్ళో అది అడ్రసు.
నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు,
మూలమీద ట్రాన్స్‌ఫార్మరు, దాని పక్కన రేకు కింద
బాజీ శాండ్‌విచ్.

బోర్డు రాసినవాడు ముందు బజ్జీ అని రాసి
తర్వాత దిద్దాడు. దిద్దకపోయినా తప్పయ్యేది కాదు.
రెండు పాల బ్రెడ్డు ముక్కల మధ్య ఆయన పెట్టేది
అక్షరాలా మిరపకాయ బజ్జీనే.

చూడాలి ఆ చేతుల్ని.
బజ్జీని నిలువునా చీల్చి
లోపలి వాము, చింతపండు గుజ్జు కనబడేలా పరిచి
పైన దంచినంత సన్నగా తరిగిన ఉల్లిపాయ,
వేరుశనగ కారం, నిమ్మచెక్క ఒక్క పిండు.
గింజ పడితే వేలితో తీసేస్తాడు
ఎవరు చూసినా చూడకపోయినా.
పెనం మీద వెన్న చుయ్యిమన్నాక
దాని నెత్తిన బోర్లా రెండు కేజీల తూకం రాయి.
మిర్చి యార్డులో కాటా పని మానేసిన రోజు
జీతం బాకీ కింద తెచ్చుకున్న రాయట.
ఎత్తి చూస్తే బ్రెడ్డు మీద రెండంకె
అద్దంలో చూసుకున్నట్టు తిరగబడి ఉంటుంది.

మొదటి కొరుకు ఎప్పుడూ తొందరే.
నాలిక కాలుద్ది, ముక్కు కారుద్ది.
ఇంకో రెండు కొరికాక, కళ్ళనీళ్ళు తుడుచుకుంటా
పక్కవాడితో, వాడెవడో కూడా తెలీదు,
"ఈమధ్య ఘాటు తగ్గింది" అంటాను.
వాడూ కళ్ళు తుడుచుకుంటానే తలూపుతాడు.
గుంటూరోడి పరువు అట్లాంటిది.

హెల్మెట్ తీసేలోపు బాజీ నోట నా మాటే:
"ఏం తిన్లేదు గదా?"
లేదనాలి నేను. లేదంటేనే ఆయనకి పని.
పొద్దుట్నుంచి ఇరవై గుమ్మాల్లో నేనడిగిన ప్రశ్న
ఇక్కడ నాకు వేడిగా తిరిగొస్తుంది.

మొన్న మంగళవారం లిస్టులో ఆరో పేరు
షేక్ బాజీ, యాభై ఎనిమిది, సుద్దపల్లి డొంక.
ఈ ఊళ్ళో బాజీలు వీధికి నలుగురు, అనుకోలేదు.
తలుపు తీసింది ఆయనే, బనీనుతో.
వెనక నాగూర్‌బీ శనగపిండి జల్లిస్తోంది.
"ఏమన్నా తిన్నారా?" అనేశాను అలవాటుగా.
ఇద్దరం నవ్వాం. నవ్వాగాక
"రాత్రి ఎనిమిది నుంచి మంచినీళ్ళే" అన్నాడు.
నరం తొందరగా దొరకలేదు.
మోచేతి వంపులో నూనె చిట్లిన మచ్చలు,
స్పిరిట్ దూది అద్దినా పోని ఉల్లి వాసన.
సీసా మీద పేరు నేనే రాశాను.
బజ్జీ అని రాయబోయి దిద్దాను.

తిన్న రెండు గంటలకి ఇంకోసారి తియ్యాలి.
తొమ్మిదిన్నరకి రేకు కింద స్టూలు మీద కూచోబెట్టి
"ఏం తిన్నారు?" అన్నాను, కాయితం మీద రాయడానికి.
క్యూలో వాళ్ళకి వినబడకుండా వంగి
"రెండిడ్లీ. చెట్నీ కూడా లేకుండా" అన్నాడు,
దొంగతనం ఒప్పుకున్నవాడిలా.
దూది పెట్టి, ఐదు నిమిషాలు చెయ్యి మడిచే ఉంచమన్నాను.
మడిచే ఉంచాడు.
రెండో చేత్తో రాయెత్తి
"తొందరగా సీసా మూత పెట్టు,
నీది మాడుద్ది" అన్నాడు.